అమావాస్యకు ముందు నాలుగు సర్వర్లు

హైదరాబాదులో రైలెక్కేటప్పుడు నా సంచిలో ఉన్నవి: నాలుగు చొక్కాలు, ఒక ల్యాప్‌టాప్, రెండు నెట్‌వర్క్ కేబుళ్ళు, అమ్మ కట్టిచ్చిన కారప్పొడి డబ్బా, కోయంబత్తూరులోని ఒక పార్సిల్ లారీ సంస్థ మా ఆఫీసుతో చేసుకున్న ఒప్పందం నకలు. ఆ ఒప్పందంలో నేనే రాసిన వాక్యం ఒకటుంది. ‘ఇకపై బ్రాంచీలకు ఎవరూ వెళ్ళనక్కరలేదు, అన్ని సర్వర్లనూ కోయంబత్తూరు నుంచే చూసుకోవచ్చు.’ వారం తిరగకముందే నేను ఆ బ్రాంచీలకు, ఒక్కటి కూడా వదలకుండా, వ్యానులో వెళ్ళాను.

కోయంబత్తూరు, మొదటి మూడు రోజులు

సంస్థ ఒక తెలుగు కుటుంబానిది. ఎన్ని తరాల కిందట ఇటు వచ్చారో వాళ్ళకే సరిగ్గా తెలియదు. బడి చదువంతా అరవంలోనో ఇంగ్లీషులోనో సాగింది కాబట్టి తెలుగు చదవలేరు, రాయలేరు. కానీ ఇంట్లో, గోదాములో, లారీ షెడ్డులో మాట్లాడేది తెలుగే. యజమానిని అందరూ పెద్ద నాయుడుగారు అంటారు. డెబ్బై దాటాయి. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి. నేను లోపలికి అడుగు పెట్టగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “రాండి తంబీ. కూడు తింటిరా?”

మా ఇంట్లో కూడు అన్న మాట కోపంలోనే వస్తుంది. ఇక్కడ అది అతిథికి వేసే పీట. ఇంకా తినలేదని చెప్పగానే నన్ను వెనకవైపు ఉన్న ఇంట్లోకి తీసుకెళ్ళి సంతగై పెట్టించారు. ఉడికించిన బియ్యపు ముద్దను చెక్క మరలో పెట్టి సన్నటి దారాల్లా ఒత్తుతారు. బెల్లం కలిపిన కొబ్బరిపాలు పోసుకుని తినాలి. నా కారప్పొడి డబ్బా ఆ ఇంట్లోనే ఖాళీ అయింది. వాళ్ళు దాన్ని పెరుగులో కలుపుకున్నారు.

ఇక పని. ఈ సంస్థకు ఐదు ఊళ్ళలో ఐదు లినక్స్ సర్వర్లు ఉన్నాయి: కోయంబత్తూరు, అవినాశి, ఒట్టన్‌చత్రం, దిండిగల్, మదురై. పార్సిల్ ఇచ్చినవాడికి రసీదు, లారీ డ్రైవరుకు సరుకు చిట్టా, రెండూ ఆ ఊరి సర్వరే అచ్చు వేస్తుంది. అది ఆగితే లారీ కదలదు. ఐదింటినీ ఐదుగురు మనుషులు ఐదు రకాలుగా పెట్టిపోయారు. కోయంబత్తూరు సర్వరును తక్కినవాటికి పెద్దగా కూర్చోబెట్టి, దాంట్లో ఒక నిర్వహణ సాఫ్ట్‌వేర్ వేసి, అన్ని మార్పులూ అక్కడి నుంచే పంపేలా చేయడం నా పని. ఒక బటన్ నొక్కితే నాలుగు ఊళ్ళలో ఒకే మార్పు జరగాలి. ఆరు నెలల పరీక్షా కాలంలో నాకు సొంతంగా అప్పగించిన మొదటి పని ఇది. ఇది చెడితే ఏడో నెల ఉండదని మా ఆఫీసులో చెప్పకుండానే చెప్పారు.

బుధవారం పదకొండు గంటలకు బటన్ నొక్కాను. పంపింది రెండే ఫైళ్ళు. ఒకటి, సర్వరులోకి బయటి నుంచి ఎవరు రావచ్చో చెప్పే కాపలా ఫైలు. రెండు, సర్వరు లేచేటప్పుడు ఏ డిస్కులు తగిలించుకోవాలో చెప్పే పట్టిక. తెర మీద నాలుగు ఊళ్ళ పేర్లూ ఆకుపచ్చగా మారాయి. లేచి వెళ్ళి కాఫీ తాగాను.

వచ్చేసరికి నాలుగూ ఎర్రగా ఉన్నాయి.

నా తప్పులు వరుసగా చెబుతాను. కాపలా ఫైలులో కోయంబత్తూరు చిరునామా రాసేటప్పుడు ఒక అంకె తప్పు కొట్టాను. అంటే నేను పంపిన కాపలావాడు నన్నే లోపలికి రానివ్వడం లేదు. డిస్కుల పట్టికలో ప్రతి సర్వరుకూ దాని బ్యాకప్ డిస్కు నంబరు ఉండాలి. నేను కోయంబత్తూరు డిస్కు నంబరునే నాలుగింటికీ పంపాను. నడుస్తున్నంతసేపు సర్వరుకు ఆ సంగతి తెలియదు. ఎవరైనా ఆపి మళ్ళీ వేస్తే మాత్రం, తన దగ్గర లేని డిస్కు కోసం వెతికి, దొరకక అక్కడే నిలబడిపోతుంది. మూడో తప్పు అన్నిటికంటే పెద్దది. ముందు ఒక్క సర్వరుకు పంపి, అది బాగుందని తేలాక తక్కినవాటికి పంపమని ఆ సాఫ్ట్‌వేర్ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. నేను నాలుగింటికీ ఒకేసారి పంపాను.

బ్రాంచీలలో ఎవరికీ ఏమీ తెలియలేదు. రసీదులు వస్తూనే ఉన్నాయి. శనివారం ఏదో సాకుతో వెళ్ళి, ఒక్కొక్కదాన్ని గుట్టుగా సరిచేద్దామని లెక్క వేసుకున్నాను. నడుస్తున్న సర్వరును ఊరికే ఎవరు ఆపుతారు?

ఆ సాయంత్రం షెడ్డులో గోపాల్‌సామి వ్యాను కడుగుతున్నాడు. ఆయన సంస్థ ఎలక్ట్రీషియను, యాభై ఐదేళ్ళుంటాయి. వైర్లు చూస్తాడు, అవసరమైతే బండి నడుపుతాడు.

“ఇంత బాగా కడుగుతున్నారేం అన్నా?”

“వెళ్ళిక్కిళమ అమావాస్య కదా తంబీ. శుక్రవారం.”

“అమావాస్యకు బండి తీయరేమో కదా?”

ఆయన పైపు పక్కన పడేసి నన్ను చూశాడు. “ఏల తియ్యరు? మాకి అదే మంచి దినం. బండి కడుగుతాము, మిషన్లన్నీ ఆపుతాము, తుడిచి చందనం కుంకుమ పెడతాము. కర్పూరం చూపించి మళ్ళీ వేస్తాము. లారీ, తక్కెడ, ప్రింటరు, కంప్యూటరు, అన్నీ.”

“సర్వరు కూడానా?”

“దానికి మాత్రం దేవుడు వద్దా?”

మా వైపు అమావాస్యనాడు కొత్త చెప్పులు కూడా తొడుక్కోరు. నా ప్రణాళికలో శుక్రవారం పక్కన ‘అమావాస్య, ఎవరూ ఏమీ ముట్టుకోరు’ అని రాసుకుని ఉంది. ఇక్కడ నాలుగు ఊళ్ళలో నాలుగు సర్వర్లను, పూలు పెట్టి మరీ, ఆపబోతున్నారు.

నాలుగు బ్రాంచీలకూ ఫోన్ చేసి “ఈసారి ఆపకండి” అంటే సరిపోయేది. కానీ ఎందుకని అడుగుతారు. అడిగితే పెద్ద నాయుడుగారికి తెలుస్తుంది. నేను చేసింది వేరు. ఆయన గదిలోకి వెళ్ళి, బ్రాంచీ సర్వర్లను ఒకసారి కళ్ళారా చూడాలన్నాను.

ఆయన ముఖం విప్పారింది. “చూడాల. చూడకుండా ఏం నడిపేది? గోపాల్‌సామిని తోడు తీసుకొని పోండి.”

ఆ రాత్రి నాలుగు ఊళ్ళకూ పట్టే టైములు ఒక కాగితం మీద వేసుకున్నాను.

అవినాశి, గురువారం పొద్దున

వ్యాను వెనక ఒక మానిటరు, కీబోర్డు, ఎక్స్‌టెన్షన్ బాక్సు. దారి పొడుగునా బనియన్ల మూటలు వేసుకుని వచ్చే టెంపోలు. తిరుప్పూరు చుట్టుపక్కల అల్లే బట్ట ఎక్కువగా ఈ అవినాశి బ్రాంచీకి వస్తుంది. సర్వరు గుమాస్తా కాళ్ళ దగ్గర, బల్ల కింద ఉంది. దాని మీద ఒక టిఫిన్ క్యారియరు.

మానిటరు తగిలించి, రెండు ఫైళ్ళూ సరిచేసి, గుమాస్తా అనుమతితో సర్వరును ఒకసారి ఆపి వేశాను. లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ నేను టిఫిన్ క్యారియరునే పట్టుకుని నిలబడ్డాను. కోయంబత్తూరులో అవినాశి పేరు ఆకుపచ్చగా వచ్చిందని ఫోనులో చూసుకున్నాకే దాన్ని కింద పెట్టాను.

“దాంట్లో పులిసాదం ఉండాది. కావాలంటే తినండి, పట్టుకొని నిలబడేది ఏంటికి?” అన్నాడు గుమాస్తా. పులిసాదమంటే మన పులిహోర.

ఎదురుగా ఉన్న కొట్టులో టీ పదిహేను రూపాయలు. గాజు గ్లాసులో, అంచు దాకా పోస్తారు. గోపాల్‌సామి దాన్ని పైకెత్తి, కిందికి దించి, చల్లార్చి, తీరిగ్గా తాగాడు. నేను గడియారం చూస్తూ నోరు కాల్చుకున్నాను.

ఒట్టన్‌చత్రం, గురువారం మధ్యాహ్నం

ధారాపురం మీదుగా రెండున్నర గంటలు. రోడ్డు పక్కన మునగ తోటలు, గాలిమరలు. ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్టు ఊరికి మధ్యలో కాదు, ఊరే మార్కెట్టు చుట్టూ ఉందనిపిస్తుంది. ఒకచోట మునక్కాయల కట్టలు మనిషెత్తు పేర్చారు, ఇంకోచోట సొరకాయలు. లారీల మీద మలయాళం రాతలు. ఇక్కడి నుంచి కేరళకు రోజూ కూరగాయలు వెళ్తాయి.

బ్రాంచీ చూసే దొరైసామి నన్ను ఆప్యాయంగానే కూర్చోబెట్టాడు. కానీ సర్వరు ఆపుతానంటే ఒప్పుకోలేదు.

“నాలుగు గంటలకి కేరళ బండ్లు పోవాల. అంతదాకా దానిమీద చెయ్యి పెడితే నీ చెయ్యి నీదగ్గర ఉండదు.”

“పది నిమిషాలేనండి.”

“పది నిమిషాలకి టమేటా ఏమీ కాదు. డ్రైవరు మనసు మారిపోతాది. టీకి పోతాడు, ఆడ ఒకడు కనిపిస్తాడు, కథ చెప్తాడు. నీకి తెలీదు.”

మూడు గంటలు కూర్చున్నాం. సద్ది కూడు పెట్టారు. పెరుగన్నంలో చిన్న ఉల్లిపాయలు, పక్కన మునక్కాయ పులుసు. ఇంత మంచి మునక్కాయ నేను ఎక్కడా తినలేదు. నా కాగితం మీద లెక్కలు వేశాను. ఇక్కడ నాలుగున్నర, దిండిగల్ ఐదున్నర, పని అరగంట, మదురై ఎనిమిదిలోపు. సరిపోతుంది. మళ్ళీ వేశాను. సరిపోతుంది.

నాలుగింటికి బండ్లు కదిలాక రెండు ఫైళ్ళూ సరిచేశాను. వెనక నిలబడి గోపాల్‌సామి తెర చూస్తున్నాడు.

“తంబీ, అవినాశిలోనూ ఇదే కొడితివి. ఈడా ఇదే కొడితివి. నాలుగు ఇండ్లకీ ఒకటే జరమా?”

నేను కీబోర్డు వైరు చుట్టడం మొదలుపెట్టాను.

“జరం ఏడనించి వచ్చె?”

వ్యాను ఎక్కాక చెప్పేశాను. మొత్తం చెప్పాను, వరుసగా. ఆయన గేరు మార్చి మలుపు తిప్పాడు. తర్వాత, “అలమేలమ్మకి ఒక ఫోను వెయ్యి,” అన్నాడు. అలమేలమ్మ పెద్ద నాయుడుగారి చెల్లెలు, మదురై బ్రాంచీ ఆమెదే.

“వద్దన్నా. రాత్రికల్లా చేరిపోతాం కదా.”

“సరి. చెప్పేది నీ పని. నేను వైరు మనిషిని.”

దిండిగల్, గురువారం సాయంత్రం, శుక్రవారం పొద్దున

దారిలో ఒక ఉల్లిగడ్డల లారీ రోడ్డుకు అడ్డంగా ఒరిగింది. ఉల్లిగడ్డలు ఏరుకునే జనం, లారీని తిట్టే జనం, రెండు రకాల జనం మధ్య మా వ్యాను గంటన్నర నిలబడింది. దిండిగల్ చేరేసరికి ఏడైంది. బ్రాంచీకి తాళం. దిండిగల్ తాళాలకు పేరుపడ్డ ఊరు. ఆ తలుపుకు వేసింది నా అరచేతికంటే పెద్దది. బ్రాంచీ చూసేవాడు ఏదో పల్లెలో బంధువులింటికి వెళ్ళాడు. ఫోనులో, “పొద్దన ఏడుకి వస్తాను,” అన్నాడు.

ముందు మదురై వెళ్ళి వద్దామన్నాను. గోపాల్‌సామి తల అడ్డంగా ఊపాడు. పొద్దున ఏడు నుంచి కళ్ళు మూయకుండా బండి తోలుతున్నానన్నాడు. అది నిజం. మాంసం గురించి ఇంకో కారణం కూడా చెప్పాడు. “రేపు అమావాస్య, కవుచ్చి ముట్టేది లేదు. దిండిగల్ వచ్చి బిరియాని తినక పోతే నా పెండ్లాం కూడా నమ్మదు.”

ఇక్కడి బిరియాని బియ్యం జీలకర్రంత సన్నగా, పొట్టిగా ఉంటుంది. మన హైదరాబాదు బిర్యానీలా గింజ గింజ విడిగా లేచి నిలబడదు. మసాలా లోపలికి ఇంకి, ముద్దకు ఒదుగుతుంది. మిరియాల ఘాటు ఎక్కువ. ఆయన రెండు ప్లేట్లు తిన్నాడు. నేను సగం వదిలేశాను.

“మదురైలో పూజ ఎన్నింటికి అన్నా?”

“శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. అది పోయినాకనే చేస్తారు. తిను.”

పన్నెండు అని కాగితం మీద రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

పొద్దున ఏడుకి వస్తానన్నవాడు ఏడున్నరకు, తడి తలతో వచ్చాడు. ముందు గడప కడిగి, ముగ్గు వేయించి, అప్పుడు తాళం తీశాడు. ఎనిమిదీ పదికి దిండిగల్ ఆకుపచ్చ. మూడు ఊళ్ళు అయ్యాయి, మూడింటి టైములూ కాగితం మీదికెక్కాయి. మదురైకి గంటంబావు. పన్నెండు ఇంకా చాలా దూరం. ఊరు వదిలాక ఈ ప్రయాణంలో మొదటిసారి కిటికీలోంచి బయటికి చూశాను. సిరుమలై కొండలు కనిపించాయి.

మదురై, శుక్రవారం

బ్రాంచీ ఆవరణలో మూడు లారీలు, కడిగి, బంతిపూల దండలు వేసి ఉన్నాయి. ముందు టైర్ల కింద నిమ్మకాయలు. గుమ్మడికాయ పగిలి, లోపలి కుంకుమ నేలంతా చెదిరి ఉంది. పూజ అయిపోయిందన్నమాట. సమయం తొమ్మిదీ నలభై.

లోపల పదిహేను మంది దాకా ఉన్నారు. డ్రైవర్లు, మూటలు ఎత్తేవాళ్ళు. సర్వరు ఒక పీట మీద, చందనం బొట్లతో ఉంది. దాని నెత్తిన అరవ లిపిలో రాసిన కాగితం అంటించి ఉంది. గోపాల్‌సామి నా కోసం చదివాడు. ‘పూజ లేకుండా తాకవద్దు’ అని తెలుగు మాటలే, అరవ అక్షరాల్లో.

అలమేలమ్మ చేతిలో హారతి పళ్ళెం ఇంకా అలాగే ఉంది. కర్పూరం ఆరిపోయింది.

“రాహుకాలం ముందరే కానిద్దామని తొమ్మిదికే పెట్టుకొంటిమి,” అంది గోపాల్‌సామితో. “స్విచ్ వేస్తిని. లేవలేదు. ఇన్నేండ్లలో ఇది ఫస్టు. నువ్వు మంచి నేరానికి వస్తివి.” నేరం అంటే వాళ్ళ తెలుగులో వేళ.

మానిటరు తగిలించాం. తెర మీద నేను ఊహించినదే ఉంది. లేని డిస్కు కోసం వెతికి, దొరకక నిలబడిపోయిన సర్వరు. తొమ్మిది నిమిషాల్లో సరైంది. సర్వరు లేచింది, ప్రింటరు పరీక్ష కాగితం వదిలింది. అందరూ ఊపిరి పీలుస్తారనుకున్నాను.

ఎవరూ కదలలేదు. అందరిలో పెద్దవాడైన డ్రైవరు, నెరిసిన మీసాల మనిషి, లారీ తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

“అమ్మా, కర్పూరం చూపించినప్పుడు లేవని మిషను, తర్వాత లేస్తే ఏం? బండి రేపు తీస్తాము.”

మిగతా ఇద్దరు డ్రైవర్లూ తాళంచెవులు పక్కనే పెట్టారు. బయట మూడు లారీల సరుకు ఉంది. దాంట్లో సగం ఆసుపత్రులకు వెళ్ళాల్సిన మందుల పెట్టెలని తర్వాత తెలిసింది.

అలమేలమ్మ నావైపు తిరిగింది. “నువ్వు ఆ హైదరాబాదు పిల్లోడివి కదా. ఇది ఏంటికి లేవలేదు?”

“డిస్కు నంబరు మారిందండి. అంటే, కేంద్రం నుంచి వచ్చిన పట్టికలో...”

“ఎవరు మార్చిరి?”

గోపాల్‌సామి మానిటరు వైరు చుట్టుకుంటున్నాడు. నావైపు చూడలేదు.

“నేనేనండి.”

“మా అన్నకి తెలుసునా?”

“తెలీదు.”

ఆమె పళ్ళెం కింద పెట్టింది. “అది తర్వాత. ముందు వీళ్ళకి చెప్పు. దేవుడి మీద పోతా ఉండాది నీ తప్పు. నీ నోటితో చెప్పు, నేను అరవంలో చెప్తాను.”

పదిహేను మంది ముందు నిలబడి చెప్పాను. నేను రెండు వాక్యాలు చెబితే ఆమె పది చెప్పింది. మధ్యలో ఎవరో నవ్వారు. పెద్ద డ్రైవరు నవ్వలేదు. నా ముందుకొచ్చి తెలుగులోనే అడిగాడు.

“నిజంగా నువ్వు చేసిందేనా? అమ్మ చెప్పమన్నదని చెప్తా ఉండావా?”

“నేనే చేశాను. బుధవారం పదకొండు గంటలకు. ఇక్కడ ఒక్కచోటే కాదు, నాలుగు చోట్ల. అవినాశిలో నిన్న పొద్దున సరిచేశాను, ఒట్టన్‌చత్రంలో సాయంత్రం నాలుగున్నరకు, దిండిగల్‌లో ఇవాళ ఎనిమిదీ పదికి.” జేబులోంచి కాగితం తీసి చూపించాను.

ఆయన కాగితం తీసుకున్నాడు. తెలుగు చదవలేడు, కానీ అంకెలు చదివాడు. వేలు పెట్టి ఒక్కొక్కటీ చూశాడు.

“టైముతో సహా రాసి పెట్టుకొని ఉండాడు,” అన్నాడు వెనకవాళ్ళతో. “మనిషి చేసిందే. సరి, బండి తీద్దాం. పదిన్నర లోపల గేటు దాటాల.”

తాళంచెవులు బల్ల మీద నుంచి లేచాయి. నిమ్మకాయలు ఒకటొకటిగా టైర్ల కింద చిట్లాయి. మూడో లారీ గేటు దాటేసరికి పదీ ఇరవై.

అలమేలమ్మ తన ఫోనులో అన్న నంబరు నొక్కి నా చేతికిచ్చింది. చెప్పాను. పెద్ద నాయుడుగారు మధ్యలో ఆపలేదు.

“ఒక ఫోను వేసి ఆపకండి అంటే అయిపోయేది కదా, తంబీ.”

“అవునండి.”

“ఏల వెయ్యలేదు?”

“వేస్తే మీకు తెలుస్తుందని.”

ఆయన పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది. “సోమవారం నలుగుర్నీ ఫోనులో కూర్చోబెడతాను. వాళ్ళకి చెప్పు. ఆ బటను నీ దగ్గర ఉండేదా వద్దా అని వాళ్ళే చెప్తారు.” నా దగ్గర వద్దంటే ఇంటికి పోవలసిందేనని వేరే చెప్పలేదు.

కోయంబత్తూరు, సోమవారం

శని, ఆదివారాలు నేను నాకిచ్చిన గదిలో ఎలా గడిపానో రాయను. సోమవారం పది గంటలకు పెద్ద నాయుడుగారి బల్ల మీద ఫోను స్పీకరులో పెట్టారు. నాలుగు ఊళ్ళు. నేను మళ్ళీ మొదటి నుంచి, టైములతో చెప్పాను.

అవినాశి గుమాస్తా, తనకేమీ నష్టం కాలేదన్నాడు. దిండిగల్ ఆయన, తన చేత తలుపు తీయించి కూడా సంగతి చెప్పలేదని కోప్పడ్డాడు. అది న్యాయమే. దొరైసామి తీర్పు చెప్పాడు. “బటను ఉండనీ. కానీ నలుగురికీ ఒక్కసారే పంపేది వద్దు. ముందర ఒక ఇంటికి పంపు, ఆడ లేస్తే తక్కినవాళ్ళకి.”

ఆ పుస్తకం మొదటి పేజీ సంగతి నేను వాళ్ళకు చెప్పనేలేదు. ఆయన టమాటా బండ్ల లెక్కన చెప్పాడంతే.

“ముందర ఎవరి ఇంటికి?” అన్నారు పెద్ద నాయుడుగారు.

ఒట్టన్‌చత్రం వైపు నుంచి లారీ హారను వినిపించింది. నేను ఆయన జేబులోని రెండు పెన్నులనే చూస్తూ కూర్చున్నాను.

“మదురైకి పంపమను,” అంది అలమేలమ్మ. “ఈడ అది లేవకపోతే, ఎవరు చేసిరో డ్రైవర్లందరికీ తెలుసు.”